సైకాలజీ డిగ్రీకి పుట్టిల్లు ఏది?

ఈ నెల చరిత్ర పేజీ నాకు అప్పగించారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయడం నాకు చేతకాదు. అందుకని ఒక చదువు చరిత్ర రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి, మీ ఇంట్లో ఇంటర్ పిల్లలుంటే పనికొస్తుంది.

2025 జూన్‌లో మాట. నేను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక క్లినిక్‌లో నర్సునని మీలో చాలామందికి తెలుసు. ఎండ లేని రోజున మధ్యాహ్నం డబ్బా పట్టుకుని రైలు స్టేషన్ పైన ఉన్న పచ్చిక దగ్గర కూర్చుంటాను. ఆ రోజు పెరుగన్నం సగంలో ఉండగా మా అక్క వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఏమే, దీనికి నువ్వే చెప్పు. బి.టెక్. వద్దంట, సైకాలజీ చదువుతుందంట. పిచ్చోళ్ళ చదువు చదివితే రేపు సంబంధాలు ఎవరు తెస్తారే?"

దాని వెనకే అమ్మాయి మెసేజ్. "పిన్నీ, అమ్మ మాట వదిలెయ్. నాలుగు చోట్ల చూశాను. ఒకటి వైజాగ్, ఒకటి హైదరాబాద్, ఒకటి మన ఊరికి దగ్గర్లో. నాలుగోది దూరవిద్య, ఇంట్లోనే చదువుకోవచ్చు. అన్నిట్లోనూ సైకాలజీయేగా, డిగ్రీ పేరు ఒకటేగా! ఏది తేలికైతే అందులో చేరిపోనా?"

ఆ "పేరు ఒకటేగా" అన్న మాట దగ్గర నాకు ముద్ద దిగలేదు. ఎందుకంటే తొమ్మిదేళ్ళ కిందట అచ్చం అదే మాట నేనూ అనుకున్నాను. నా సంగతి తర్వాత చెప్తాను.

నా ఎదురుగా స్టేషన్ గుమ్మం ఉంది. రాఫెల్స్ ప్లేస్‌కి వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తెల్లటి పాతకాలపు భవనం ముఖంలా ఉంటుంది. ఇక్కడ పూర్వం ఉన్న జాన్ లిటిల్ అనే పెద్ద దుకాణం ముఖద్వారంలా దాన్ని కట్టారు. చూస్తే దుకాణం, లోపలికి దిగితే రైలు. డిగ్రీ పట్టా కూడా అంతే కదా అనిపించింది. పైన పేరు చూసి లోపల ఏముందో చెప్పలేం. సంబంధం చూసేటప్పుడు మనం ఇంటిపేరు అడిగి ఊరుకుంటామా? తాతలెవరు, ఏం చేసేవాళ్ళు అని ఆరా తీస్తాం. కాలేజీ సీటుకి మాత్రం ఆ ఆరా తియ్యం. అందుకే ఆ సాయంత్రం నుంచి నేను ఆ పని మొదలుపెట్టాను. మన దగ్గర సైకాలజీ ఎవరింట్లో పుట్టింది, ఎవరింట్లో పెరిగింది?

మొదట పెద్ద కథ క్లుప్తంగా. 1879లో జర్మనీలో, లైప్‌జిగ్ ఊళ్ళో విల్హెల్మ్ వుంట్ సైకాలజీకి ప్రయోగశాల పెట్టాడు. మనసు గురించి ఊరికే ఆలోచించడం కాదు, కొలిచి చూడాలి అన్నది ఆయన పట్టుదల. మన దేశంలో మొట్టమొదట ప్రత్యేక విభాగం పెట్టింది కలకత్తా యూనివర్సిటీ, 1916లో. హార్వర్డ్‌లో చదివొచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా దాన్ని నడిపారు. తర్వాత 1924లో మైసూరు. అక్కడ సైకాలజీ ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి గారు ఇంకో పని కూడా చేశారు. 1935లో తన ఇంట్లోనే చిన్న రేడియో స్టేషన్ పెట్టి, దానికి "ఆకాశవాణి" అని పేరు పెట్టారు. మనం చిన్నప్పుడు పొద్దున్నే విన్న ఆ పేరు ఒక సైకాలజీ మేష్టారి ఇంటి నుంచి వచ్చిందన్నమాట! ఆ తర్వాత 1943లో మద్రాసు యూనివర్సిటీలో విభాగం వచ్చింది.

మరి మన తెలుగు నేల సంగతి? ఇక్కడ సైకాలజీకి ఒక పుట్టిల్లు కాదు, నాలుగున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి పుట్టిల్లు తత్వశాస్త్రం. ఆ రోజుల్లో చాలా యూనివర్సిటీల్లో సైకాలజీ అంటే ఫిలాసఫీ చదివేవాళ్ళకి ఉండే ఒకటి రెండు పేపర్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరు చేరింది. అక్కడ ఫిలాసఫీ చదివిన కె. రామకృష్ణారావు గారు అమెరికా వెళ్ళి, డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ దగ్గర పనిచేశారు. రైన్ చేసేది మామూలు సైకాలజీ కాదు, పారాసైకాలజీ. అంటే కళ్ళతో చూడకుండా అవతల కార్డు మీద ఏ బొమ్మ ఉందో చెప్పగలరా, ఒకరి మనసులో మాట ఇంకొకరికి తెలుస్తుందా అని పరీక్షించడం. వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం, ఈ ఐదు బొమ్మలతో 25 కార్డుల కట్ట వాడేవారు. ఊరికే ఊహించినా ఐదు సరిపోతాయి. అంతకన్నా ఎక్కువ వస్తే అది నిజమా, అదృష్టమా అని లెక్క కట్టాలి. ఆ ఫలితాల్ని చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు.

రామకృష్ణారావు గారు తిరిగొచ్చి 1967లో వాల్తేరులో "సైకాలజీ, పారాసైకాలజీ విభాగం" మొదలుపెట్టారు. పేరులోనే పారాసైకాలజీ ఉన్న యూనివర్సిటీ విభాగం ప్రపంచంలోనే అరుదు. ఆయన తర్వాత అదే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. యోగం, ధ్యానం, భారతీయ తత్వంలో మనసు, వీటి మీద ఆయన జీవితాంతం రాశారు.

ఇక్కడ ఒక్క మాట. నేనుంటున్న సింగపూర్‌లో నేషనల్ యూనివర్సిటీలో సైకాలజీ మొదలైంది 1986లో. అదీ సోషల్ వర్క్‌తో కలిపి ఒకే విభాగంగా. 2005లో గానీ విడిగా విభాగం కాలేదు. అంటే మన వాల్తేరు 19 ఏళ్ళు ముందు! ఈ సంగతి మా క్లినిక్‌లో ఇక్కడి అమ్మాయికి చెప్తే నమ్మలేదు. నాకూ కొంచెం గర్వం వేసింది, ఎందుకు దాచాలి?

కానీ గర్వపడి ఊరుకుంటే సరిపోదు. అదే వాల్తేరులో, చినవాల్తేరు వైపు, ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. యూనివర్సిటీ పుట్టక ముందే, 19వ శతాబ్దంలోనే అక్కడ ఆ ఆసుపత్రి ఉంది. నర్సింగ్ చదివే రోజుల్లో నేను పోస్టింగ్‌కి వెళ్ళాను. ఒకే ఊళ్ళో మనసు గురించి రెండు ఇళ్ళు. ఒకటి విద్యాశాఖ ఇల్లు, ఒకటి ఆరోగ్యశాఖ ఇల్లు. ఒకదాంట్లో పట్టా ఇస్తారు, ఇంకోదాంట్లో రోగి ఉంటాడు. ఈ రెంటికీ మధ్య దారి పడితేనే చదువుకున్నవాళ్ళు మనిషికి పనికొస్తారు.

ఆ దారి మన దేశంలో మొదట పడింది బెంగుళూరులో. అదే రెండో పుట్టిల్లు, ఆసుపత్రి. 1954లో అక్కడ మానసిక ఆసుపత్రిని ఆనుకుని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ పెట్టారు. 1955లో సైకాలజీ ఎం.ఏ. చేసినవాళ్ళని తీసుకుని వార్డుల్లో తర్ఫీదు ఇచ్చే డిప్లొమా మొదలైంది. 1974లో ఆ సంస్థే నిమ్‌హాన్స్ అయింది. పొద్దున్నే వార్డులో కేసు చూడటం, పెద్దవాళ్ళ ముందు కేసు చెప్పడం, తిట్లు తినడం, మళ్ళీ చూడటం. నర్సులకి ఇది చెప్పక్కర్లేదు, మనం పెరిగింది అలాగే కదా. ఆ డిప్లొమాయే తర్వాత క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్.గా మారింది.

మన హైదరాబాదుకి ఈ దారి ఇంకో రూపంలో వచ్చింది. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం జాతీయ సంస్థ పెట్టింది. ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు. అక్కడ రిహాబిలిటేషన్ సైకాలజీలో శిక్షణ ఉంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీ కేంద్రం ఉంది, ఇంటర్ తర్వాత ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సుతో. ఉస్మానియా దారి వేరు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన యూనివర్సిటీ అది. దానికోసం అంతకుముందు ఏడాదే అనువాద సంస్థ పెట్టి పాశ్చాత్య శాస్త్రాల పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. ఉర్దూలో సైకాలజీని నఫ్సియాత్ అంటారు. ఇప్పుడు అక్కడ ఎం.ఏ., ఎం.ఎస్సీ. సైకాలజీ సీట్లు సీపీగెట్ రాసి తెచ్చుకోవాలి. రాయలసీమ పిల్లలకి 1954లో పుట్టిన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది.

మూడో పుట్టిల్లు బడి. ఇది మీకందరికీ తెలిసిందే. మన ఊళ్ళలో "సైకాలజీ" అంటే ఎవరికి గుర్తొస్తుంది? డీఎస్సీకి, టెట్‌కి చదివేవాళ్ళకి! పియాజే ఏమన్నాడు, పావ్‌లోవ్ కుక్క ఎందుకు చొంగ కార్చింది అని బస్టాండులో కూడా బట్టీ పట్టేవాళ్ళని చూశాం. బి.ఎడ్.లో విద్యా మనోవిజ్ఞానం ఒక పేపరు. మన నర్సింగ్ మొదటి ఏడాదిలోనూ సైకాలజీ పేపరు ఉంది. తెలుగువాళ్ళలో ఎక్కువమందికి సైకాలజీ ఇలా ఇంకో చదువు వెనక వచ్చింది. ఒక పేపరు చదివామని మనం సైకాలజిస్టులం అయిపోలేదు. కానీ ఒక పేపరు కూడా చదవని తల్లి కన్నా బిడ్డ మొండితనాన్ని కొంచెం వేరుగా చూడగలిగాం. అది చిన్న విషయం కాదు.

నాలుగో పుట్టిల్లు మన ఇల్లే, దూరవిద్య. 1982లో మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులోనే పుట్టింది. ఇప్పుడు దాన్ని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నాం. మూడేళ్ళ తర్వాత ఇగ్నో వచ్చింది. పెళ్ళయి చదువు ఆగిపోయినవాళ్ళు, పిల్లల్ని నిద్రపుచ్చి పుస్తకం తీసేవాళ్ళు, గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో కూర్చుని సెలవు పెట్టి పరీక్ష రాసొచ్చేవాళ్ళు, ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మంది ఆ గుమ్మం తొక్కినవాళ్ళే. ఆ చదువుని ఎవరైనా చిన్నచూపు చూస్తే నేనూరుకోను.

ఇప్పుడు నా సంగతి. 2016లో నేను ఒక దూరవిద్య ఎం.ఏ. సైకాలజీలో చేరాను. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అనవసరం. క్లినిక్‌కి వచ్చేవాళ్ళని చూసి చేరాను. ఈ ఆఫీసు మేడల నుంచి కుర్రాళ్ళు గుండె పట్టుకుని వస్తారు. చెమటలు, దడ, చచ్చిపోతానేమోనని భయం. ఈసీజీ తీస్తే నార్మల్. డాక్టరు గారు "ఏం లేదు" అని పంపేస్తే ఆ ముఖాలు ఇంకా వాడిపోయేవి. వాళ్ళకి ఏం చెప్పాలో నేర్చుకుందామని నా ఆశ. రెండేళ్ళు రాత్రుళ్ళు చదివాను. ప్రాజెక్టు కోసం పదిమంది స్నేహితురాళ్ళకి ప్రశ్నల కాగితం ఇచ్చి నింపించాను. మీలో కొందరు నింపారు కూడా, గుర్తుందా?

పట్టా వచ్చాక ఇక్కడ ఒక చోట కౌన్సెలింగ్ పనికి దరఖాస్తు పెట్టాను. ఆవిడ మర్యాదగానే అడిగింది. "మీరు ఎన్ని గంటలు పర్యవేక్షణలో మనుషుల్ని చూశారు? ఎవరు పర్యవేక్షించారు?" నా దగ్గర సమాధానం సున్నా. పట్టా మీద పేరు సరిగ్గానే ఉంది, లోపల గంటలు లేవు. రైలెక్కి ఇంటికొచ్చే దాకా కన్నీళ్ళు ఆపుకున్నాను. ఆ చదువు నాకు వృథా కాలేదు. దడతో వచ్చిన పిల్లాడి పక్కన ఎలా కూర్చోవాలో, ఊపిరి ఎలా లెక్కపెట్టించాలో ఇప్పుడు తెలుసు. కానీ నేను కొనుక్కున్నది జ్ఞానం, వృత్తి కాదు. ఆ తేడా నాకు ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

ఈ తేడాని మన దేశంలో చట్టాలు మెల్లమెల్లగా గీత గీసి చెప్పాయి. 1992లో రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా స్పష్టంగా చెప్పింది. ఎం.ఏ. మీద రెండేళ్ళ పూర్తికాలపు ఎం.ఫిల్., అందులో పర్యవేక్షణలో రోగుల్ని చూసిన శిక్షణ ఉండాలి అని. (జాతీయ విద్యా విధానం వచ్చాక ఎం.ఫిల్. పోతోంది, దాని స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి. కాబట్టి చేరేముందు కౌన్సిల్ తాజా జాబితా చూసుకోవాలి.) 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది. దాని ప్రకారమే 2025లో యూజీసీ ఒక ఆదేశం ఇచ్చింది. ఆ ఏడాది జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీతో సహా ఆ చట్టం కిందికి వచ్చే చదువుల్లో దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్త అడ్మిషన్లు వద్దని. అప్పటికే చేరినవాళ్ళు పూర్తి చేసుకోవచ్చు.

మా అమ్మాయి జూన్‌లో అడిగింది, ఆదేశం బయటికొచ్చింది ఆగస్టులో. "తేలికైంది" అని ఆ నాలుగో గుమ్మం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఏమయ్యేదో చూడండి. ఒక పక్క నాకు ఈ ఆదేశం న్యాయమే అనిపిస్తుంది. ఇంకో పక్క, రాత్రిపూట వంటగదిలో చదువుకునే ఆడవాళ్ళకి ఒక తలుపు మూసుకుపోయింది. దగ్గర్లోని ఆసుపత్రిలో వారానికి రెండు రోజులు శిక్షణ పెట్టి ఆ తలుపు తెరిచి ఉంచొచ్చు కదా అని నా మనసులో మాట. మీరేమంటారో రాయండి.

విదేశాల్లో ఉన్న మనకి ఇంకో చిక్కు. ఏ దేశం గీత ఆ దేశానిదే. అమెరికాలో రాష్ట్రానికో లైసెన్సు. 1945లో కనెక్టికట్ మొదట చట్టం చేసింది. బ్రిటన్‌లో 2009 నుంచి క్లినికల్ సైకాలజిస్టు లాంటి పేర్లు నమోదైనవాళ్ళే వాడాలి. సింగపూర్‌లో 1979లో పెట్టిన సైకలాజికల్ సొసైటీ రిజిస్టరు నడుపుతోంది. ఎక్కడికెళ్ళినా అడిగేది మాత్రం నన్నడిగిన ఆ రెండు ప్రశ్నలే: ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో.

అందుకని మా అమ్మాయికి కాలేజీ పేరు చెప్పలేదు, ప్రశ్నలు రాసి పంపాను. మీరూ దాచుకోండి.

సైకాలజీ ప్రధాన సబ్జెక్టా, మూడింట్లో ఒకటా? ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. తెలంగాణలో దోస్త్ ద్వారా చేరేటప్పుడు ఏ సబ్జెక్టులతో కలిపి ఇస్తున్నారో చూసుకోవాలి.

ల్యాబ్ ఉందా, వారానికి ఎన్ని గంటలు వాడతారు? గణాంకాలు చెప్పే టీచరు ఉన్నారా? ఆసుపత్రికో, ప్రత్యేక అవసరాల పిల్లల బడికో ఇంటర్న్‌షిప్‌కి పంపిస్తారా? పాఠం చెప్పేవాళ్ళు సైకాలజీ చదివినవాళ్ళేనా, వేరే సబ్జెక్టు వాళ్ళు సర్దుతున్నారా? ఇక్కడ చదివిన పిల్లలు పీజీకి ఎక్కడికి వెళ్ళారు?

అమ్మాయి వాళ్ళ నాన్నని తీసుకుని మూడు కాలేజీలూ తిరిగింది. ఒక చోట ఆఫీసులో "ల్యాబ్ ఎందుకమ్మా, సైకాలజీకి ల్యాబేంటి?" అన్నారట. లైప్‌జిగ్ కథ వాళ్ళకి ఎవరూ చెప్పలేదు పాపం. ఇంకోచోట ఒక మేడం తాళంచెవి తెచ్చి ల్యాబ్ తీసి, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించే పరికరం చూపించి, గీయమన్నారట. మన పిల్లకి గీత వంకరపోయింది, నవ్వొచ్చింది. అక్కడే చేరింది. రోజూ బస్సులో గంట ప్రయాణం. అక్క మూడు రోజులు మాట్లాడలేదు.

ఈ మధ్య అక్క మళ్ళీ మెసేజ్ పెట్టింది, గొంతు తగ్గించి. "పక్కింటి వదిన వాళ్ళ అబ్బాయి పరీక్ష పోయిందని నాలుగు రోజుల నుంచి గదిలోంచి రావట్లేదంట. మన పిల్లతో మాట్లాడించమని అడుగుతోంది. పంపనా?"

అమ్మాయే జవాబిచ్చింది. "అమ్మా, నేను మొదటి ఏడాదిలో ఉన్నాను, నాకింకా రాదు. ఆంటీకి 14416 నంబరు ఇవ్వు, టెలీ మానస్ అంటారు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. కావాలంటే నేను వెళ్ళి పక్కన కూర్చుని ఫోన్ కలిపిస్తాను."

వెళ్ళి కలిపించింది కూడా. తనకి ఏది వచ్చో, ఏది రాదో మొదటి ఏడాదే ఆ పిల్లకి తెలిసింది. నాకు పట్టా చేతికొచ్చాక తెలిసింది.

మీ ఇళ్ళలో ఎవరైనా ఈ చదువు అడిగితే పై ప్రశ్నలు పంపండి. మీరు చదివిన కాలేజీలో ల్యాబ్ ఎలా ఉండేదో, ఎక్కడికి పోస్టింగ్‌కి వెళ్ళారో గ్రూపులో చెప్పండి. వచ్చే నెల అవన్నీ కలిపి ఊరు వారీగా ఒక పట్టిక వేద్దాం. ఉంటాను మరి, లంచ్ టైమ్ అయిపోయింది.